కాంతమ్మ గారి ఇరవై ఒక్క పూసలు

నా పని గురించి ఇదివరకు ఎవరైనా రాయమన్నా రాయలేకపోయేదాన్ని. మా నాన్న భిలాయి ప్లాంటులో కాంట్రాక్టు కూలీ. పొద్దున్నే ఆయనకు కేరేజీ కట్టి, అమ్మతో పాటు నాలుగిళ్ల పనికి పోయేదాన్ని. తమ్ముళ్లు బడికి వెళ్లారు. నేను యాభై రెండో ఏట, సెక్టర్ 2లో మా వీధి చివర ఉండే రిటైర్డ్ టీచరమ్మ దగ్గర అక్షరాలు దిద్దాను. ఇప్పుడు కూడబలుక్కోకుండా రాయగలుగుతున్నాను కాబట్టి, 2023 చలికాలంలో జరిగిన సంగతి ఒకటి చెబుతాను.

నేను పూసల దండలు గుచ్చుతాను. ఊళ్లు తిరిగినప్పుడు ఒకటీ అరా కొని డబ్బాల్లో పడేసిన పూసలు జనం నాకు తెచ్చిస్తారు. ఎవరి దండ వాళ్లదే, అలాంటిది ఇంకొకరికి ఉండదు. పని నేర్పింది దుర్గ్ బజారులో ఒక పట్వా ముసలమ్మ. పట్వాలంటే నగలకు దారం అల్లేవాళ్లు. ఆమె మొదటి పాఠం: పాత దారం తెంపు, కుంకుడు నీళ్లలో కడుగు, గ్రేడింగ్ చెయ్యి. గ్రేడింగ్ అంటే పెద్ద పూస మధ్యకు వచ్చేలా, చిన్నవి మెడ వెనక్కు పోయేలా పేర్చడం.

నెహ్రూ నగర్ సుజాత గారు వాళ్ల అత్తగారి పూసలు తెచ్చారు. ఇరవై ఒక్కటి, నూలు తాడుకు గుచ్చి ఉన్నాయి. అత్తగారు కాంతమ్మ గారికి ఎనభై రెండేళ్లు. భర్త రైల్వే గార్డు. ఏడాదికోసారి పాస్ మీద ఒక ఊరు, ఊరికో పూస. ఆయన పోయారు. వాటిని దండ చేయించి, ఆదివారం నిశ్చితార్థంలో మనవరాలి మెడలో తన చేత్తో వెయ్యాలని ఆవిడ కోరిక.

గురువారం నేను తాడు తెంపి, కడిగి, పళ్లెంలో సైజు ప్రకారం పేర్చాను. శుక్రవారం పొద్దున సుజాత గారి ఫోన్.

"దీదీ, అత్తయ్య చెప్పమన్నారు. ఆ వరస మాత్రం మార్చొద్దంట. రోజూ ఆ తాడు పట్టుకునే ఏ ఏడు ఏ ఊరెళ్లారో చెప్పుకుంటారు."

నాకు ముందే తోచాల్సింది. అక్షరాలు రాని రోజుల్లో ఏ పొట్లం ఎవరిదో తెలియడానికి నేనే దారాలకు ముళ్లు వేసుకునేదాన్ని. ఇంకొకరి తాడును మాత్రం ఉత్త తాడే అనుకున్నాను. పోనీ ఆవిడే చెబుతారులే అంటే, పొద్దున మందు వేసుకున్నదీ లేనిదీ గుర్తుండదని సుజాత గారు అంతకుముందే అన్నారు.

పళ్లెం మీద గుడ్డ కట్టి, ఆటోలో వాళ్లింటికి వెళ్లి, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. సుజాత గారు తల పట్టుకున్నారు. కాంతమ్మ గారు పళ్లెం తన ముందుకు లాక్కున్నారు.

"విప్పీసినావా? పోన్లే. ఇటు కూకో. ఆ పూస ఇలా తే."

ఆవిడ ఒక్కో పూసనూ వేళ్లతో తడిమి ఏ ఏడు ఏ ఊరో చెప్పారు. కాశీ గాజుపూస, జగ్దల్‌పూర్ ఇత్తడి పూస, రామేశ్వరం శంఖం ముక్క. ఒక్కదాని దగ్గరా తడబడలేదు. నేను వరస కడుతూ పోయాను. పూరీ గవ్వ దగ్గర ఆవిడ చెయ్యి ఆగింది.

"దీన్ని వరసలో పెట్టకు. మెడెనక, హుక్కు పక్కన పెట్టు."

"ఏం అమ్మా?"

"దీని బేరంలో ఉండగా రైలెల్లిపోయింది. గార్డు పెళ్లాం రైలు తప్పిపోయిందంటే ఏటనుకుంటారని మా ఆయనకి కోపం. దుర్గ్ వచ్చేదాకా నాతో మాటాడలేదు."

పక్కనే కూర్చున్న మనవరాలు పగలబడి నవ్వింది. "దాదూ అంత దూరం లడాయి చేశారా, నానమ్మా?"

"లడాయి అయితే బాగుణ్ణు. నోరే మెదపలేదు."

అక్కడి నుంచి పాత వరస పక్కకు పోయింది. ఏ ఊళ్లో ఎక్కువ నవ్వుకున్నారో ఆ పూస ముందుకు వచ్చింది. మధ్యలో పెట్టమన్నది మాత్రం అన్నిటికన్నా చిన్నది, డోంగర్‌గఢ్ నీలం పూస. పెళ్లయ్యాక మొదటి ప్రయాణం అదేనట. గంటన్నర దారికి మూడు రోజుల పులిహోర కట్టుకెళ్లారట.

పెద్ద పూసల మధ్య అది కనపడదని చెప్పి చూశాను. కనపడేలా చెయ్యడం నీ పని అన్నారు. దానికి అటూ ఇటూ సన్నని ఇత్తడి స్పేసర్లు, అంటే పూసల మధ్య ఎడం ఉంచే బిళ్లలు వేసి, పూసకూ పూసకూ నడుమ ముడి వేశాను. దీపాలు పెట్టే వేళకు దండ తయారైంది. చూసినవాళ్ల కన్ను ముందు ఆ నీలం పూస మీదే పడుతోంది. కాంతమ్మ గారు హుక్కు దగ్గర గవ్వను ఓసారి నొక్కి చూసి, బిగువుగానే ఉందన్నారు.

పూసలు కడగడం, పేర్చడం నా గురువు నేర్పింది. వాటి సొంతదారును ముందు అడగాలని ఆ రోజు తెలిసింది.

మర్నాడు పొద్దున, సెక్టర్ 7 నుంచి వచ్చిన పొట్లం ఒకటి నా పీట మీద ఉంది. విప్పకుండా ఆ ఇల్లాలికి ఫోన్ చేసి, వీటిలో మీరు మొదట కొన్నది ఏదని అడిగాను. ఆవిడ, అది పెద్ద కథ, పొయ్యి మీద పాలున్నాయి, కట్టేసి వస్తానుండమంది.