మా అమ్మమ్మ వేయని చిక్కుడు పాదు

ఎల్బీనగర్‌లో మా అపార్ట్‌మెంట్ ఆడవాళ్లం శనివారం మధ్యాహ్నాలు సెల్లార్‌లో కూర్చుంటాం. ఒకరు కథ చదువుతారు. ఆ తర్వాత మొక్కల సంగతులు, చివర్లో కాలనీ వార్తలు: నీళ్లు ఏ రోజు రావు, దిల్‌సుఖ్‌నగర్‌లో ఏ రోడ్డు తవ్వారు. చిట్కాలు రాయడానికి ఒక నోటుపుస్తకం ఉంది. చిట్కా పక్కనే అది ఎవరు నేర్పారో కూడా రాయాలని మా రిటైర్డ్ టీచరుగారి పట్టుదల.

ఈ చలికాలం నా చిక్కుడు పాదుకు పేనుబంక పట్టింది. కొన్న మందులన్నీ కొట్టినా లాభం లేకపోయింది. టెర్రస్ ఊడవడానికి వచ్చిన వాచ్‌మన్ భార్య అది చూసింది. తుర్కయంజాల్ అవతల పల్లె ఆమెది.

"పొద్దుగాల మంచు ఆరకముందే బూడిద చల్లుండ్రమ్మా. మా అవ్వ గట్లనే చేస్తుండె. తల్లి లేని నన్ను సాదింది ఆమెనే," అంది. వాళ్ల కట్టెల పొయ్యి బూడిద డబ్బాడు తనే తెచ్చిచ్చింది. పది రోజుల్లో పాదు తేరుకుంది.

శనివారం ఆ చిట్కా చెప్పగానే అందరూ మెచ్చుకున్నారు. టీచరుగారు పెన్ను తీసి, "ఎవరు నేర్పారండీ మీకు?" అని అడిగారు.

వాచ్‌మన్ భార్య అంటే నా సొమ్మేం పోయేది? కానీ అప్పటిదాకా ఆ రోజు కథ గురించి అన్నీ తెలిసినదానిలా తెగ గొప్పలు పోయి ఉన్నాను; వాచ్‌మన్ భార్య నేర్పిందనడం నామోషీ అనిపించింది. "మా అమ్మమ్మ," అన్నాను. మా అమ్మమ్మ బెజవాడలో అద్దె వాటాలో ఉండేది. జన్మలో ఒక్క మొక్క నాటలేదు. కొత్తిమీర కట్ట కూడా బజార్లో బేరమాడి కొనేది.

తలెత్తి చూస్తే మెట్ల దగ్గర చీపురు పట్టుకుని వాచ్‌మన్ భార్య. కథ చదివేటప్పుడు అలా నిలబడి వినడం ఆమెకు అలవాటే. వచ్చి కూర్చోమని మాలో ఎవరమూ ఏనాడూ అనలేదు.

నాకు తల కొట్టేసినట్టయింది. అంతలోనే, నలుగురి ముందు అడిగితే ఏమని బుకాయించాలా అని కూడా ఆలోచించాను. తల్చుకుంటే అదే ఎక్కువ సిగ్గుగా ఉంటుంది. ఆమె మాత్రం మెట్లు ఊడుస్తూ పైకి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున తలుపు కొట్టింది. కొంగుముడి విప్పి గుప్పెడు చిక్కుడు గింజలు నా చేతిలో పోసింది.

"మా అవ్వ దాచిన ఇత్తనాలమ్మా. మీ అమ్మమ్మ గూడ బూడిదనే చల్లుతుండెనట గదా, నిన్న ఇన్న. గా దినం నేను చెప్తుంటే, నాకు ఎరుకే అని ఒక్క మాట అనలే మీరు. నా మనసు చిన్నబోతదని ఊకున్నరు."

కాదని ఒక్క మాట చెబితే సరిపోయేది. దానికి బదులు, "కాఫీ తాగుతావా?" అన్నాను.

"ఒద్దమ్మా, మెట్లు కడగాలె," అని వెళ్లిపోయింది.

మూడు శనివారాలు గడిచాయి. నోటుపుస్తకంలో మా అమ్మమ్మ అలాగే ఉంది. ఆ పేజీ దిద్దకుండా ఆ గింజలు నాటడానికి నాకు చేతులు రావడం లేదు.