మిలుంకా పేరున ఒక చుక్క

దోర్చోల్‌ పేటలో, తాగడానికీ తినడానికీ మేం రోజూ చేరే కఫానాలో రాదోయ్కా ముప్పై ఒక్క ఏళ్లు బల్లల దగ్గర పనిచేసింది. నాలాంటి పాతవాళ్లను ఏం కావాలని అడిగేది కాదు, మొహం చూసి తెచ్చేది. ఒకసారి నా ముందు మా పళ్లసారా రాకియా సగం గ్లాసే పెట్టింది.

"ఇదేంటి, సగమే?"

"డాక్టరు తగ్గించమన్నాడని నువ్వే ఏడ్చావుగా. మిగతా సగం ఆయనకి పంపించా."

పాత యజమాని పోయాక కొడుకు నెబోయ్‌షా కఫానాను విదేశీయుల కోసం మార్చేశాడు. గళ్ల బల్లగుడ్డలు పోయి ఎర్ర దీపాలొచ్చాయి. గైడు ఓగ్నెన్ రోజూ పాతికమందిని తోలుకొచ్చేవాడు. ఒక టికెట్టు కొంటే ఊళ్లో నాలుగు కఫానాల్లో తలో గ్లాసు. రాదోయ్కా నోరు మూసుకుని ట్రేలు మోసేది. పింఛనుకి ఇంకా రెండేళ్లుంది. అరవై రెండేళ్ల మనిషికి మరెవరూ పనివ్వరు.

లోపల వంట మిలుంకాది. పన్నెండేళ్లు ఆ పొయ్యి ముందు నిలబడింది. ఉద్యోగుల కాగితాల్లో ఆమె పేరు ఒక్కరోజు కూడా ఎక్కలేదు, అందుకే బీమా లేదు. ఛాతీలో నొప్పొస్తే, ఖర్చుకు భయపడి, పుదీనా టీ తాగి కూరగాయల గదిలో కాసేపు నడుం వాల్చింది. మళ్లీ లేవలేదు. గుండెపోటు అని రాసుకున్నారు. నేనైతే అలా రాయను.

ఆమె పోయిన నలభయ్యో రోజున రాదోయ్కా బల్లల మధ్య నిలబడి, చనిపోయినవాళ్ల కోసం మేం చేసినట్టే, తాగే ముందు ఒక చుక్క నేలమీద ఒలికించింది. "మిలుంకా ఆత్మకి," అంది. పాతవాళ్లం నలుగురం లేచి, గ్లాసులు తాకించకుండా తాగాం. విదేశీయులు చప్పట్లు కొట్టారు. ఫోన్లు ఎత్తి, ఇంకోసారి చెయ్యమన్నారు.

నెబోయ్‌షా కళ్లు మెరిశాయి.

"పిన్నీ, రోజూ తొమ్మిదింటికి ఇలాగే చెయ్యి. అందరిచేతా ఒలికిద్దాం. ఒలికితే ఇంకోటి కొంటారు."

"రోజుకొకరు చావాలిగా బాబూ."

"ఏదో ఒక పేరు చెప్పు. వాళ్లకేం తెలుసు?"

"నాకు తెలుసుగా."

"నీకు కుదరదంటే చెప్పు, చేసేవాళ్లు బోలెడుమంది."

చేసింది. మూడు వారాలు, లేని మనుషుల పేర్లు చెప్పి ఒలికించింది. నాలుగో వారం ఒక డెన్మార్క్ అమ్మాయి, ఇంతకీ పోయిందెవరని మనసుపెట్టి అడిగింది. రాదోయ్కా అబద్ధం ఆడలేకపోయింది. మా భాషలోనే చెప్పింది.

"మిలుంకా. ఇక్కడే వండేది. కాగితం లేదు, బీమా లేదు. ఆ గదిలో నేలమీద పోయింది."

ఓగ్నెన్ నవ్వుతూ ఇంగ్లీషులో చెప్పాడు. గొప్ప వంటమనిషట, బల్లలెక్కి డాన్స్ చేసేదట. అంతా చప్పట్లు. డాన్స్ అన్న మాట రాదోయ్కాకి తెలుసు.

"నో డాన్స్!" అంది. ట్రే కింద పెట్టి వంటగది వైపు వేలు చూపించింది. "వర్క్. నో పేపర్. నో డాక్టర్. ఫినిష్."

ఆ అమ్మాయి ఫోను దించింది. ఎవరో దగ్గారు. ఆ రాత్రి రెండో గ్లాసు ఎవరూ అడగలేదు.

నెబోయ్‌షా రాదోయ్కాను వంటగది గుమ్మంలోకి పిలిచాడు. "రేపట్నుంచి రాకు."

"నా రెండేళ్లు?"

"నోరు తెరిచే ముందు గుర్తుండాల్సింది."

ఆమె ఏప్రాన్ విప్పుతుంటే మా నలుగురిలో ఒక్కరం కూడా కుర్చీలోంచి లేవలేదు. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది. రాయకపోతే ఇంకా సిగ్గు.

ఇప్పుడామె నది అవతల అపార్ట్‌మెంట్లలో మెట్లు కడుగుతోంది. రోజు కూలి. కాగితం లేదు.

పోయిన నెల మళ్లీ ఆ కఫానాకి వెళ్లాను. ఇరవై ఏళ్ల కొత్త పిల్ల ఒకతి నేలమీద చుక్క ఒలికించి, చేతిలో చీటీ చూసి "మిలుంకా ఆత్మకి" అని చదివింది. జనం ఈలలేశారు. నా బల్ల దగ్గరికొచ్చినప్పుడు మెల్లగా అడిగాను.

"అమ్మాయ్, నీ పేరు కాగితాల్లో ఎక్కించాడా?"

ఆమె ముందు కౌంటర్ వైపు చూసింది.

"మూడు నెలలయ్యాక ఎక్కిస్తానన్నాడు అంకుల్."

"నువ్వు చేరి ఎన్నాళ్లయింది?"

"ఏడు నెలలు," అంది.