నా పూచీ మీద మార్చని పేరు

మొన్న తిరువూరు బస్టాండు ఎదుట జిరాక్సు షాపులో పెన్షను కాగితాలు స్కాన్ చేయిస్తుంటే, అక్కడి అమ్మాయి ఆ ఫైలు పేరు మార్చబోయి, "ఇంకెక్కడో తెరిచి ఉందంటోందండి, కాసేపు ఆగాలి" అంది. ఆగడానికేం, రిటైరైనవాడిని, బల్ల మీద కూర్చున్నాను గానీ, ఆ మాటకి మనసు చివుక్కుమంది.

హైదరాబాదులో నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో కంప్యూటరంటే చల్లటి గది నిండా పరుచుకున్న మెయిన్‌ఫ్రేమ్. మన కాలం వాళ్లకి గుర్తుండే ఉంటుంది, చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లేవాళ్లం. దానిదో మొండితనం. రెండు డిస్కుల మీద ఒకే పేరుతో రెండు ఫైళ్లుంటే, ఒకదాని మీద పని నడుస్తున్నంతసేపూ రెండోదాని పేరు కూడా మార్చనిచ్చేది కాదు. రెండోదాన్ని ఎవరూ వాడట్లేదని పూచీపడి మార్చే అధికారం మా సెక్షనులో నా ఒక్కడికే ఇచ్చారు. అది వచ్చాక నా నడకే మారిందని వెనకాల నవ్వుకునేవారట.

మా సెక్షనులో మా తిరువూరు వైపు ఆవిడ ఒకావిడ ఉండేది. చుట్టరికం లేకపోయినా అక్కా అని పిలిచేవాణ్ణి. అమ్మానాన్నా లేని చెల్లెల్ని తనే పెంచింది. ఆ చెల్లెలి పెళ్లి తిరువూరు దగ్గర నెమలి ఊళ్లో వేణుగోపాలస్వామి గుళ్లో, ఆ రాత్రికే ముహూర్తం. భర్త ముందే వెళ్లాడు, ఈవిడ వెళితే ఇద్దరూ పీటల మీద కూర్చుని కన్యాదానం చెయ్యాలి. నెలాఖరు కావడంతో సెలవు మధ్యాహ్నం నుంచి మాత్రమే దొరికింది.

బస్సుకి బయల్దేరే ముందు ఆవిడకి మిగిలిన పని ఒక పాత ఫైలు పేరు మార్చడం. అదే పేరున్న కొత్త ఫైలు మీద నెలాఖరు లెక్కలు నడుస్తున్నాయి. "పాతదాన్ని ఎవరూ వాడట్లేదు తమ్ముడూ, నేను చూసే చెబుతున్నా, మార్చెయ్" అంది. నేను ఒప్పుకోలేదు. పొరపాటున వాడుకలో ఉన్నదాని పేరు మారిస్తే లెక్కలన్నీ గల్లంతవుతాయన్న భయం ఒకటి, కాదనడంలో ఉన్న దర్పం ఒకటి. లెక్కలు పూర్తయ్యేదాకా ఆగాల్సిందేనన్నాను. ఎవరు మొదలుపెట్టిన పని వాళ్లే ముగించి వెళ్లడం మా అలవాటు, అందుకని ఆవిడ బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పొద్దుగూకాక ఆ లెక్కలు ముగిశాయి, పేరు మార్చి పరుగున వెళ్లింది.

నెమలి చేరేసరికి తలంబ్రాలు కూడా అయిపోయాయట. పీటల మీద పిన్నీ బాబాయీ కూర్చున్నారట. తిరిగొచ్చాక నా చేతిలో పెళ్లి లడ్డూ పెట్టి, "నీ డ్యూటీ నువ్వు చేశావులే" అంది. నాలుగు తిట్టినా బాగుండేది.

ఇప్పటి యంత్రాలకి ఒకే పేరున్న ఫైళ్లతో ఈ చిక్కు లేదంటారు. ఎక్కడి పెళ్లినైనా ఫోనులో చూసేస్తున్నారు. ఆఫీసులో నన్ను జాగ్రత్తపరుడని మెచ్చుకున్నారు, నేను చేసింది తప్పని ఈనాటికీ ఎవరూ అనరు. కానీ లెక్కలయ్యాక ఆ పేరు మార్చడం నాకూ నిమిషం పనే. "నువ్వెళ్లక్కా, నేను చూసుకుంటాను" అంటే సరిపోయేది. ఆవిడ వెళ్లిపోయి, కుర్చీ ఖాళీ అయ్యాక గానీ ఆ మాట నాకు తట్టలేదు.