ప్రార్థనలో కళ్ళు తెరిచిన డిటెక్టివ్

గుంటూరులో క్రైమ్ కథల పండుగ పెడుతున్నాం, మీరూ వచ్చి మాట్లాడాలి అని ఫోను వచ్చినప్పుడు సంతోషించాను. పిలుపుతో పాటే ఒక మెలిక కూడా వచ్చింది. ఫోన్ యాప్‌లో వారం వారం సీరియల్‌గా వచ్చిన నా డిటెక్టివ్ కథల్ని పుస్తకాలుగా వేస్తానని హైదరాబాదు ప్రచురణకర్త ఒకాయన ముందుకొచ్చాడు. ఒకే ఒక్క మార్పు చేయాలట. నా డిటెక్టివ్‌ని తీసేసి, ఆ స్థానంలో రిటైరైన సర్కిల్ ఇన్‌స్పెక్టర్‌ని పెట్టాలట. "కథ అలాగే ఉంటుంది మేడమ్, మనిషిని మారిస్తే చాలు," అన్నాడు. పండుగ రోజు సాయంత్రం చివరి చర్చలో ఆయనా నేనూ ఒకే వేదిక మీద కూర్చుంటాం కాబట్టి శుభవార్త అక్కడే అందరికీ చెప్పేద్దామన్నాడు. నేను ఒప్పుకోకముందే దానికి శుభవార్త అని పేరు కూడా పెట్టేశాడు.

నా డిటెక్టివ్ ఒక బైబిలు స్త్రీ. మా వైపు చర్చీల సంగతి తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. పాస్టరుగారు ఆదివారం ప్రసంగం చేస్తే, మిగతా రోజుల్లో ఇంటింటికీ తిరిగి, ఆడవాళ్ళ మంచీచెడ్డా విని, వాక్యం చదివి, ప్రార్థన చేసి వచ్చే మనిషి ఆమె. తెల్లచీర, చేతిసంచీ, సంచీలో బైబిలూ కళ్ళజోడూ. ఏ ఇంట్లోనైనా వంటగది దాకా వెళ్ళగలదు. కోడలు ఎందుకు చిక్కిపోయిందో, అత్త ఎవరితో మాటలు మానేసిందో ఆమెకి తెలిసినంతగా ఏ పోలీసుకీ తెలియదు. ఇంతకంటే మంచి డిటెక్టివ్‌ని ఎవరైనా చూపించండి, నేను రాయడం మానేస్తాను.

మా అమ్మ ఆ పనిలోనే ముసలిదైంది. మిరప చేలల్లో కూలికెళ్ళే పిల్ల చదువు నేర్చుకుని బైబిలు స్త్రీ అయింది. గుంటూరు చుట్టుపక్కల ఊళ్ళల్లోనూ, తర్వాత కొత్తపట్నం వైపు చేపలు పట్టేవాళ్ళ ఊళ్ళల్లోనూ కాళ్ళరిగేలా తిరిగింది. ఇప్పుడు నల్లపాడులో నా దగ్గరే ఉంటుంది. కళ్ళకి ఆపరేషన్ అయ్యాక పెద్దక్షరాల బైబిలు తప్ప ఇంకేదీ చదవదు. నేను బడిలో పాఠాలు చెబుతానని, సాయంత్రాలు ఏవో కథలు రాస్తానని తెలుసు. ఏం రాస్తానో తెలియదు, నేనూ చెప్పలేదు. ఎందుకంటే నా కథల్లో ఆ బైబిలు స్త్రీ అందరి చేతా కళ్ళు మూయించి ప్రార్థన మొదలుపెడుతుంది, తను మాత్రం కళ్ళు తెరిచి చూస్తుంది. నేరాలన్నీ అలాగే పట్టుకుంటుంది. ఈ సంగతి అమ్మ చెవిన పడితే ఇంట్లో ఏమవుతుందో నాకు బాగా తెలుసు.

కానీ కూతురికి శాలువా కప్పుతారని ఎవరో చెప్పేశారు. అమ్మ పొద్దున్నే ఇస్త్రీ చీర కట్టుకుని, సంచీ తగిలించుకుని గుమ్మంలో నిలబడింది. రావద్దని ఏ మొహం పెట్టుకుని చెబుతాను? ఇద్దరం ఆటో ఎక్కాం.

హత్యల గురించి మాట్లాడుకునే సభ అయినా మన సభ మన సభే. జ్యోతి వెలిగించారు. వేదికను అలంకరించవలసిందిగా పిలిచినవాళ్ళని పిలుస్తూనే ఉన్నారు. పైన కుర్చీలు చాలక మా వరసలోంచి రెండు మోసుకెళ్ళారు. ముఖ్య అతిథి రిటైరైన పోలీసు అధికారి. తను పట్టుకున్న దొంగల గురించి, తన నిజాయితీ గురించి, తనకి రాని పతకాల గురించి చాలాసేపు మాట్లాడాడు. చివర్లో రచయితలకి ఒక సలహా ఇచ్చాడు. "క్రైమ్ అంటే సిటీ అండీ. సైబర్, ఫోరెన్సిక్, అదీ. మన పల్లెటూళ్ళలో ఏముంది, గట్టు తగాదాలు తప్ప!" హాలంతా చప్పట్లు కొట్టింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. పత్తికి కొట్టే మందు తాగి చనిపోయిన ఆడమనిషి ఎవరైనా సరే, కడుపునొప్పి భరించలేక పోయిందని పేపర్లో రాసే ప్రాంతం ఇది. ఆ కడుపునొప్పి ఎవరి వల్ల వచ్చిందని అడిగిన పాపాన ఒక్కరూ పోరు. ఇక్కడ క్రైమ్ లేదట.

ఆ తర్వాత ప్రచురణకర్త నడిపే వర్క్‌షాప్. మంచి డిటెక్టివ్‌ని తయారుచేయడం ఎలా అన్నది విషయం. కాలేజీ పిల్లలు, బ్యాంకు ఉద్యోగులు, ఒకరిద్దరు నాలాంటి టీచర్లు కూర్చున్నారు. బోర్డు మీద లక్షణాలు రాయించాడు. ఎత్తు, తుపాకీ, విడాకులు, తాగుడు, నిద్ర పట్టని జబ్బు. వీటిలో మా అమ్మకి నిద్ర పట్టని జబ్బు ఒక్కటే ఉంది. నేను నవ్వుకుంటూ ఉండగానే తెర మీద ఒక పేజీ వేశాడు. అది నా కథలో పేజీ. నన్ను మాటమాత్రం అడగకుండా, నా పేరు చెప్పి మరీ బయటికి చదవడం మొదలుపెట్టాడు.

"'కళ్ళు మూసుకోండమ్మా, ప్రార్థన చేసుకుందాం,' అంది ఆమె. ఇల్లంతా కళ్ళు మూసుకుంది. ఆమె ఒక్కతే కళ్ళు తెరిచి, ప్రార్థన ఆపకుండా, ఒక్కొక్కరినీ చూసింది."

చదివి, చేతులు రెండూ చాపాడు. "రాత బాగుంది. కానీ చేతిసంచీ పట్టుకున్న ముసలావిడ వెనకాల పాఠకుడు ఎంత దూరం నడుస్తాడు చెప్పండి? ఇదే కథలో ఒక సీఐని ఊహించుకోండి!" పిల్లలు నవ్వారు. ఆ నవ్వు నన్నేం చేయలేదు. నేను చూస్తున్నది పక్క కుర్చీలో ఉన్న అమ్మని. ఆమె కళ్ళజోడు తీసి, చీర చెంగుతో తుడిచి, పెట్టుకోకుండా సంచీలో పడేసింది.

భోజనాల దగ్గర గోంగూర పప్పు వడ్డించారు. అమ్మ ముద్ద కలపలేదు.

"ఎవరే ఆవిడ?" అంది.

"కథలో మనిషమ్మా."

"కథలో మనిషికి నా సంచీ ఎక్కడిదే?"

అమ్మ గొంతు తగ్గించడం ఎరగదు. పక్క బల్లవాళ్ళు తినడం ఆపి వింటున్నారు. "ప్రార్థన చేసే మనిషి కళ్ళు తెరిచిద్దా? ఆ ఇళ్ళల్లోకి నన్ను రానిచ్చింది ఎందుకనుకున్నావు? నమ్మి రానిచ్చారు. నువ్వు నన్ను దొంగని చేశావు గదే!"

"ఆయన చెప్పినట్టు మారిస్తే ఆవిడ ఉండదులే. పోలీసాయన ఉంటాడు," అన్నాను.

"మంచిది. మార్చెయ్," అంది అమ్మ.

అలా ఇద్దరూ ఒక్కటయ్యారు. ప్రచురణకర్తకి ఆమె అక్కర్లేదు, అమ్మకీ అక్కర్లేదు. ఒక్క సరే అంటే పుస్తకం చేతికొస్తుంది, ఇంట్లో గొడవ తీరుతుంది. కానీ నా డిటెక్టివ్ ఏ ఇంట్లో పుట్టిందో అమ్మకి తెలుసు. తెలిసీ మార్చెయ్ అంటోంది.

చిన్నప్పుడు సెలవుల్లో అమ్మ వెంట ఇళ్ళకి వెళ్ళేదాన్ని. ఒక ఇంటి ముందు ఎర్రటి మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఆ ఇంటాయన చర్చి సంఘంలో పెద్దమనిషి. అమ్మ ప్రార్థన మొదలుపెట్టింది, అందరూ కళ్ళు మూసుకున్నారు, నేను తెరిచాను. ఆయన పక్కన కూర్చున్న భార్య చేతిని మోచేతి పైన పట్టుకుని గిచ్చి, అలాగే మెలిపెడుతున్నాడు. ఆమె మొహం తెల్లబోయింది గానీ నోట్లోంచి శబ్దం రాలేదు. కళ్ళు తెరవలేదు. అందరితో పాటు ఆమేన్ అంది. ఆయన కూడా ఆమేన్ అని, "అమ్మగారికి మజ్జిగ తీసుకురా," అన్నాడు మెత్తగా.

దారిలో అమ్మకి చెప్పాను. "ప్రార్థనలో కళ్ళెందుకు తెరిచావే?" అని వీపు మీద ఒకటి వేసింది. ఆ ఇంట్లో తప్పు చేసినవి నా కళ్ళేనా? అప్పుడూ నేను పశ్చాత్తాపపడలేదు, ఇప్పుడూ పడను. బడి తెరవగానే నన్ను హాస్టల్లో వేశారు. ఆ ఇంటి సంగతి నాకు మళ్ళీ తెలియలేదు. ఆ దెబ్బ మాత్రం గుర్తుండిపోయింది, పెద్దయ్యాక కథలు రాయించింది.

భోజనాల దగ్గర అదే అన్నాను. "ఆ రోజు ఆయన గిచ్చాడని చెబితే నా కళ్ళ గురించే అడిగావమ్మా." అమ్మ పెరుగన్నం తిని, చెయ్యి కడుక్కుని, హాల్లో మొదటి వరసలో కూర్చుంది.

సాయంత్రం చర్చ మొదలవగానే ప్రచురణకర్త మైకు తీసుకున్నాడు. మేడమ్‌గారి కథలు పుస్తకాలుగా వస్తున్నాయని, హీరో ఒక రిటైర్డ్ సీఐ అని ప్రకటించేశాడు. చప్పట్లు. మైకు నా ముందుకి జరిపాడు. అబద్ధమెందుకు, ఆశ పడ్డాను. బస్టాండు పుస్తకాల దుకాణంలో నా పుస్తకం కళ్ళ ముందు కనిపించింది. అమ్మ నన్నే చూస్తోంది.

"మార్చను," అన్నాను.

మైకు బాగానే పనిచేస్తోంది, అందరికీ వినపడింది. ఆయన నవ్వడానికి ప్రయత్నించాడు. "మేడమ్‌గారు కొంచెం ఎమోషనల్ అవుతున్నారు..."

"అవుతున్నాను సార్. మీ ఇన్‌స్పెక్టర్ మా ఊళ్ళో ఒక ఇంటికెళ్తే ఏమవుతుందో చెప్తాను వినండి. మగవాళ్ళు బయటికొచ్చి కుర్చీ వేస్తారు. టీ ఇస్తారు. ఆయన ఆ టీ తాగేలోపు లోపల ఆడవాళ్ళకి ఏం చెప్పాలో నేర్పేస్తారు. ఆయన వాళ్ళు చెప్పింది రాసుకుని వెళ్ళిపోతాడు. ఇంక నా కథ ఎక్కడుంది? ఎవరికో కడుపునొప్పి వచ్చిందని మొదటి పేజీలోనే అయిపోతుంది."

"మార్కెట్ అని ఒకటుంటుంది కదండీ," అని నసిగాడు.

"మార్కెట్ సంగతి మీరు చూసుకోండి. మా ఇళ్ళ సంగతి ఆవిడ చూసుకుంటుంది." ఇక్కడ ఆగిపోవచ్చు. ఆగలేదు. మొదటి వరస వైపు తిరిగాను. "ఆవిడ కళ్ళు కూడా ఎవరి కోసమూ మూయను."

వెనక నుంచి కొందరు ఆడపిల్లలు చప్పట్లు కొట్టారు. మిగతావాళ్ళు ఫోన్లలోకి తలలు వంచారు. కార్యక్రమంలో ఉంది కాబట్టి నాకు శాలువా కప్పారు. కప్పిన ప్రచురణకర్త నా మొహం చూడలేదు.

ఇంటికి వెళ్ళే ఆటో ఎక్కాం. మిర్చి యార్డు వైపు నుంచి వచ్చే ఘాటుకి ఇద్దరం తుమ్ముతున్నాం. ఊరు దాటాక అమ్మ ఉన్నట్టుండి అడిగింది.

"నువ్వు చెప్పిన తర్వాత ఆ ఇంటికి వారం వారం ఎందుకెళ్ళాననుకున్నావే?"

వెళ్ళిందనే నాకు తెలియదు.

"ఇంకే ఇంటికీ అట్టా వెళ్ళలా. ఆయన ఇంట్లో ఉన్నప్పుడే వెళ్ళేదాన్ని. వాళ్ళిద్దరి మధ్యనే కూర్చునేదాన్ని. ప్రార్థన చేసేటప్పుడు ఆ పిల్ల చెయ్యి నా చేతిలో పెట్టుకునేదాన్ని. కళ్ళు మూసుకునే చేశా. నా చేతిలో ఉన్న చెయ్యిని వాడెట్టా గిచ్చుతాడు?"

ఆటో నల్లపాడులోకి వచ్చింది. అమ్మ సంచీ సర్దుకుంటూ, బయటికే చూస్తూ అంది. "కళ్ళు తెరిపించావు చూడు, అది తప్పే. ఈ ఆదివారం నీతో మాట్లాడను. నా పని తీసుకెళ్ళి ఆ పోలీసోడికిచ్చావంటే మాత్రం, చచ్చిందాకా మాట్లాడను."

అన్నట్టే ఆదివారం నాతో ఒక్క మాట మాట్లాడలేదు. పుస్తకం వేసేవాళ్ళు ఇంకెవరూ రాలేదు. ఆ రోజు చర్చి నుంచి వచ్చాక కూర్చుని కొత్త కథ మొదలుపెట్టాను. అందులో బైబిలు స్త్రీ మొగుడూ పెళ్ళాల మధ్య చాప మీద కూర్చుని, ఆ ఇల్లాలి చెయ్యి తన చేతిలోకి తీసుకుని ప్రార్థన మొదలుపెట్టింది. కళ్ళు తెరిచే ఉంచింది.