జోయలన్న ప్లగ్గు పరీక్ష

మా జోయలన్నకు ఒకటే రోగం. నడుస్తున్న కంప్యూటరు కనబడితే చాలు, ప్లగ్గు పీకేస్తాడు. కళ్యాణదుర్గంలో ఆయన నడిపే సాఫ్ట్‌వేర్ షాపులో నేను చేరిన మొదటిరోజే, టైపు చేస్తుండగా వైరు పట్టి లాగాడు.

"అయ్యో! ఏం చేస్తివన్నా?"

"టెస్టింగప్పా" అని తాపీగా టీ తాగాడు.

వెంకటరాముడిశెట్టి విత్తనాల అంగట్లో మేం ప్రోగ్రాం పెట్టిన రోజున, పాపం ఆయన టెంకాయ కొట్టి మరీ తన పేరు టైపు చేశాడు. అన్న వెంటనే పీకాడు. శెట్టి చేతిలో చిప్ప జారిపోయింది.

"ఏమప్పా, శుభమా అని మొదలుపెడితే!"

"భయపడొద్దు శెట్టీ. నీ పేరు యాడికీ పోలేదు, చూడు" అని అన్న మళ్లీ ఆన్ చేసి చూపించాడు.

తర్వాత యాడికి అనే ఊళ్లో నర్సు సువార్త చూసుకునే చిన్న ఆస్పత్రి పని వచ్చింది. డాక్టరు వారానికోసారి వస్తాడు. ఏ రోగికి ఏ సూది పడదో కంప్యూటరులోనే చూసుకోవాలి. అది సమయానికి కనబడకపోతే ప్రాణం మీదికొస్తుంది. ఈ వివరాలన్నీ దాచే డేటాబేసు దగ్గర మాకు పేచీ వచ్చింది. సర్వరు అనే ప్రోగ్రాం విడిగా నడుస్తుంటేనే పనిచేసే పెద్దది పెడదామని నేను, ఒక్క ఫైల్లో ఒదిగే చిన్నది చాలని అన్న.

"ఆస్పత్రికి చిన్నదా!" అని నోరు తెరిచాను.

"రెండూ పెడదాం. ప్లగ్గే చెప్తాది."

ముందు పెద్దది. 'బయమ్మ, పెన్సిలిన్ పడదు' అని సువార్త సేవ్ చేసిందో లేదో, అన్న పీకాడు. ఆమె కెవ్వుమంది. మళ్లీ ఆన్ చేస్తే సర్వరు లేవలేదు. నేను పాస్‌వర్డు కొట్టి, రెండు కమాండ్లిచ్చి లేపాను.

"చూడన్నా! ఒక్క అక్షరం పోలేదు."

"నువ్వు కాదు, సువార్త పాప ఒక్కతే తెరవాల" అని మళ్లీ పీకాడు!

ఈసారి ఆమె ఆన్ చేస్తే తెరమీద 'సర్వరు దొరకలేదు' అని వచ్చింది. సువార్త ముఖం పాలిపోయింది. "నేనేమీ చెయ్యలేదన్నా!" అంది. నేను లేవబోతే అన్న నా భుజం నొక్కి కూర్చోబెట్టాడు.

చిన్నదాంట్లోనూ అదే రాయించి, పీకి, ఆన్ చేశాడు. ఆమె రెండుసార్లు క్లిక్ చేసింది. బయమ్మ పేరు, పెన్సిలిన్ మాట, రెండూ వచ్చేశాయి.

"పోయినేడు ఈడ పెద్దదే పెట్టినా" అన్నాడు అన్న. " కరెంటు పోయి మొరాయిస్తే, పాపే చెడగొట్టిందని డాక్టరు తిట్టినాడంట. తప్పు నాది, ఏడ్చింది ఈమె. సూది వేసే టయానికి నువ్వు యాడుంటావు అశోకా? కళ్యాణదుర్గంలో."

ఇన్నాళ్లూ ఈయన యంత్రాన్ని ఏడిపిస్తున్నాడనుకున్నాను. మనం బస్సెక్కి వెళ్లిపోయాక ఒంటరిగా మిగిలే మనిషి ఏడవకూడదని ఆయన తపన!

నెల తర్వాత మళ్లీ వెళ్లాం. అన్న చెయ్యి అలవాటుగా గోడవైపు పోయింది. ప్లగ్గు అప్పటికే కింద వేలాడుతోంది.

"కూర్చోన్నా" అంది సువార్త నవ్వుతూ. "నువ్వు ఆటో దిగేది చూసి నేనే పీకినా."

జోయలన్న గుండెమీద చెయ్యి వేసుకున్నాడు.

"అయ్యో! నడిచే కంప్యూటరును అట్ల పీకుతారా పాపా?"