తెలుగులోకి రాని కరెంటు పాఠం

కల్వకుర్తి హైస్కూల్లో నేను సైన్సు టీచరుగా చేరేనాటికి ఆ ఊరికి ఇంకా కరెంటు రాలేదు. యాభైల నడిమి కాలం. బడుల్లో ఉర్దూ పోయి తెలుగు వచ్చిన కొత్త. పదో తరగతి పిల్లల్లో చాలామంది చుట్టుపక్కల పల్లెల నుంచి నడిచి వచ్చేవాళ్లు. వెలుగుతున్న బల్బును దగ్గరగా చూసినవాళ్లు వాళ్లలో ఒకరో ఇద్దరో. అలాంటి పిల్లలకు నేను విద్యుత్తు పాఠం చెప్పాలి.

ఆ తరగతులు అంతకుముందు మరొకాయనవి. బడిలో అందరూ ఆయన్ను పెద్దసారు అనేవాళ్లు. ఆయనకు యాభై దాటాయి. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. ఎంత ఎండలోనైనా షేర్వాణీ గుండీలు మెడదాకా పెట్టుకునేవాడు. పుట్టింది నల్లగొండ వైపు వ్యవసాయం చేసుకునే ఇంట్లో. ఇంట్లో మాట్లాడేది తెలుగే. కానీ చదివిందీ, ఇరవై ఏళ్లకు పైగా సైన్సు చెప్పిందీ ఉర్దూలో. భాష మారాక ఆయన్ను సైన్సు నుంచి తప్పించి డ్రిల్లు పీరియడ్లు ఇచ్చారు. దమ్ము, ఆయాసం ఉన్న మనిషి. పిల్లల్ని మైదానంలో వరసగా నిలబెట్టి, తాను గోడ నీడన కూర్చుని దగ్గుతూ ఉండేవాడు.

నేను చేరిన రోజు సైన్సు గది తాళంచెవి నా చేతిలో పెట్టి, "సామాన్లన్ని మంచిగనే ఉన్నయి, జర చూసుకో" అన్నాడు.

నా మొదటి పాఠం ఇప్పటికీ గుర్తుంది. బోర్డు మీద బ్యాటరీ, స్విచ్చి, బల్బు గీసి, వాటిని గీతలతో కలిపి, "దీన్ని విద్యుత్ వలయం అంటారు" అన్నాను. అందరూ రాసుకున్నారు. ముందు బెంచీలో ఒకడు లేచాడు.

"సార్, వలయం అంటె ఏంది?"

"గుండ్రంగా ఉండేది."

"మరి మీరు నాలుగు మూలలతోని గీసిన్రు గద సార్."

పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను గాని లోపల బెరుకు మొదలైంది. నేను మెట్రిక్ దాకా ఉర్దూలో చదివాను, కాలేజీలో ఇంగ్లీషులో చదివాను. పుస్తకంలోని ప్రవాహం, నిరోధం, సంధానం నాకూ ఆ ఏడే పరిచయమైన మాటలు. పిల్లలు వాటిని శ్లోకంలా బట్టీ పట్టి ఒప్పజెప్పేవాళ్లు. స్విచ్చి తీస్తే బల్బు ఎందుకు ఆరిపోతుందంటే మాత్రం ఎవరూ చెప్పలేకపోయేవాళ్లు.

ఒకరోజు బడి విడిచాక పెద్దసారు ఇంటికి వెళ్లాను. అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"సార్, పిల్లలకు అర్థమైతలేదు. మీరు ఒక్కసారి వచ్చి చేసి చూపిస్తరా?"

"నాకు తెలుగుల చెప్పరాదు తమ్మీ. అన్నం పెట్టుమని అడుగొస్తది గని, పాఠం చెప్పరాదు. క్లాసుల నిలవడితె నోట్లెకెల్లి మాట వస్తలేదు."

"మీరు చేతులతో చెయ్యండి. మాటలు నేను చెప్తాను."

మరునాడు ఆయన పొద్దున్నే వచ్చాడు. చెక్కపలక మీద బ్యాటరీ లైటుకు వేసే బల్బులు మూడు బిగించి, సెల్లులు పేర్చి, రాగి తీగల చివర్లు బ్లేడుతో గీకి శుభ్రం చేశాడు. ఆ పని చేస్తున్నంత సేపు ఆయనకు దగ్గు రాలేదు. లేదా వచ్చినా నేను గమనించలేదేమో.

ఆ రోజు నుంచి మా పాఠం ఇద్దరం కలిసి చెప్పాం. ఆయన బల్బుల్ని ఒకదాని వెంట ఒకటి కలిపి, మధ్యలోది విప్పేశాడు. మూడూ ఆరిపోయాయి.

"ఎందుకు ఆరిపోయాయి?" అని అడిగాను.

గొర్లు కాసే ఇంటి పిల్లవాడు ఒకడు కూర్చున్నచోటి నుంచే అన్నాడు. "సన్నటి బాటల ఒక గొర్రె ఆగితె ఎనకయన్ని ఆగినట్టు, సార్."

పెద్దసారు తలెత్తి వాడి వైపు చూశాడు. ఆయన ముఖంలో నవ్వు నేను చూడటం అదే మొదలు. వెంటనే తీగలు మార్చి, బల్బుల్ని పక్కపక్కన వేరువేరు దారుల్లో కలిపి, మళ్లీ ఒకటి విప్పాడు. ఈసారి మిగతా రెండూ వెలుగుతూనే ఉన్నాయి. "గిప్పుడు మూడు బాటలైనయి" అన్నారు పిల్లలు. ఆ తర్వాత నేను శ్రేణి అన్నా, సమాంతరం అన్నా వాళ్లకు భయం లేకపోయింది.

అలా కొన్ని వారాలు బాగానే సాగింది. ఒకనాడు ఒక పిల్లవాడు లేచి, ఒక్క బల్బు పెడితే బాగా వెలుగుతుంది, రెండు పెడితే ఎందుకు మందగిస్తుందని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే పెద్దసారు మొదలుపెట్టాడు. ఉర్దూలో. బర్కీ రౌ, అంటే విద్యుత్ ప్రవాహం, ఏమిటి, ఇరుకు దారిలో అది ఎట్లా సతమతమవుతుంది, ముజాహమత్, అదే నిరోధం, పెరిగితే ఏమవుతుంది, చేతులు తిప్పుతూ, గొంతు ఎత్తుతూ దించుతూ చెప్పుకుపోయాడు. అంత అందంగా ఆ సంగతి చెప్పడం నేను కాలేజీలో కూడా వినలేదు. గదిలో ఆ మాటలు అర్థమైంది నాకొక్కడికే. పిల్లలు ముఖముఖాలు చూసుకున్నారు. వెనక బెంచీలో ఎవడో "ముజాహమత్, ముజాహమత్" అని గొంతు మార్చి అన్నాడు. తరగతంతా గొల్లుమంది.

ఆయన ఆగిపోయాడు. చేతిలోని తీగను బల్ల మీద పెట్టి, చేతులు రుమాలుతో తుడుచుకుని, మెల్లగా బయటికి వెళ్లిపోయాడు. ఆయన చెప్పిందే నేను తెలుగులో చెప్పాను. పిల్లలు శ్రద్ధగా విన్నారు. అర్థమైందన్నారు కూడా.

మరుసటి రోజు మళ్లీ వచ్చాడు. కానీ అప్పటి నుంచి తరగతిలో నోరు విప్పలేదు.

ఆ చలికాలంలో తనిఖీకి ఒక అధికారి వచ్చాడు. డ్రిల్లు మాస్టరు సైన్సు గదిలో ఎందుకున్నాడని హెడ్మాస్టరును అడిగాడు. తెలుగు పరీక్ష పాసైతేనే మళ్లీ పాఠం చెప్పే పని ఇస్తామని, లేకపోతే వేరే చోటికి పంపుతామని చెప్పి వెళ్లాడు.

ఆ సాయంత్రం పెద్దసారు తానే నా దగ్గరికి వచ్చాడు. "నాకు జర తెలుగు చెప్పు తమ్మీ" అన్నాడు.

రోజూ బడి విడిచాక వరండాలో కూర్చునేవాళ్లం. అక్షరాలు వచ్చుగాని, ఒత్తుల దగ్గర ఆగిపోయేవాడు. వేలు పెట్టి, ఒకటో తరగతి పిల్లవాడిలా కూడబలుక్కునేవాడు. ఒకరోజు పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"నిరోధము, ప్రవాహము... గివి నా మాటలు గావు. మా అమ్మ ఎన్నడన్న గిట్ల మాట్లాడిందా?"

"మా అమ్మ కూడా మాట్లాడలేదు, సార్."

"మరి ఎవలివి తమ్మీ గీ మాటలు?"

ఆయనే పుస్తకం తెరిచి, ఆగినచోటి నుంచి మళ్లీ చదవడం మొదలుపెట్టాడు.

పరీక్ష మహబూబ్‌నగర్‌లో రాసి వచ్చాడు. పోయింది. ఎండాకాలం సెలవుల్లో బదిలీ ఉత్తర్వు వచ్చింది. అమ్రాబాద్ వైపు అడవి అంచున ఉన్న ఒక మిడిల్ స్కూలుకు, డ్రిల్లు పనికే. సామాను ఎడ్లబండిలో వేసుకుని భార్యతో వెళ్లిపోయాడు. నేను బండి వెంట ఊరి చివరిదాకా నడిచాను. "మంచిగ చెప్పు పిల్లలకు" అన్నాడు. బండి కదిలాక దగ్గు తెర వచ్చి, మళ్లీ నా వైపు తిరగలేదు.

తర్వాతి వానకాలంలో ఆయన పోయాడన్న కబురు, దినాలు కూడా అయిపోయాక, నాకు చేరింది. ముసురుకు దమ్ము ఎక్కువై, దవాఖానకు తీసుకుపోయే బండి వాగు దాటలేక ఆగిపోయిందట.

ఆదివారం చూసుకుని ఆ ఊరికి వెళ్లాను. రెండు గదుల పెంకుటిల్లు. గోడలు తడిసి నల్లబడి ఉన్నాయి. ఆయన భార్య నాకు పీట వేసి, తాను గడప పక్కన కూలబడింది. బయట వాన పడుతూనే ఉంది.

"ఆఖరి రెండు దినాలు జరం మస్తుగ వచ్చింది సారూ" అంది. "కండ్లు మూసుకునే ఒకటే మాట్లాడుడు. చేతులు గిట్ల గిట్ల తిప్పుకుంట. ఏం జెప్తున్నడో నాకు సమజ్ గాలె. అంత ఉర్దూల్నే మాట్లాడిండు. నాకు ఉర్దూ రాదు గద."

బల్బుల పాఠం ఉర్దూలో చెప్పిన నాటిలా ఆ చేతులు ఎలా తిరిగి ఉంటాయో నా కళ్లకు కట్టింది. నేను అక్కడ ఉంటే ఒక్కొక్క మాటా అర్థమయ్యేది.

"నీళ్లడుగుతున్నడేమో అనుకుని నీళ్లు తాపిన" అంది. "తాగలె."

కొంగుతో కళ్లు ఒత్తుకుని, ఉన్నట్టుండి నా వైపు తిరిగింది. "సారూ, మా ఆయన పాఠం మంచిగ చెప్పేటోడా? ఇంట్ల ఎన్నడు బడి మాట తియ్యలె. నేను ఇనలె."

"మంచిగ చెప్పేటోడమ్మా" అన్నాను. "నేను విన్నవాళ్లందరిలో ఆయనే మంచిగ చెప్పిండు."

ఆమె తలాడించింది. ఇంకేమైనా చెబుతానేమోనని ఎదురుచూసింది. వాన కొంచెం తెరిపి ఇవ్వగానే లేచి, బురదలో బస్సు ఆగే రోడ్డు దాకా నడిచాను.