పక్కింటి రేడియోలో రొద

నరసరావుపేటలో మా ముందుగదే నా కార్ఖానా. పొలంలో మోటారును ఫోన్‌తో వేసి ఆపే పెట్టెలు తయారుచేస్తాను. నా భార్య పోయి నాలుగేళ్లు. ఒంటరి బతుకు అలవాటవుతుందంటారు గానీ, నాకైతే కాలేదు.

పెట్టెలకు కరెంటిచ్చి పరీక్షించినప్పుడల్లా పక్కింటి పిన్ని రేడియో గుయ్యిమనేది. సరిగ్గా సాయంత్రం వార్తల వేళకు ఆవిడ రేడియో చంకన పెట్టుకుని దిగేది.

"ఒరేయ్ అబ్బాయ్, ఏందిరా ఈ రొద? నీ డబ్బాలు తగలెయ్య!"

తిట్టి ఊరుకునేది కాదు. స్టూలు లాక్కుని కూర్చునేది. నేను టీ పెట్టేవాణ్ణి. చక్కెర తక్కువైందని ఇంకో విడత తిట్టేది. వీధిలో కబుర్లన్నీ అయ్యేసరికి గంట గడిచేది. రోజు మొత్తంలో నాతో కూర్చుని మాట్లాడే మనిషి ఆవిడొక్కతే.

ఇంతలో, పెట్టెల రొద హద్దులోనే ఉందన్న సర్టిఫికెట్ లేనిదే సరుకు తీసుకోనని డీలర్ మొండికేశాడు. పెట్టె పట్టుకుని హైదరాబాదులో ల్యాబ్‌కు వెళ్లాను. అదొక ఇనప గోడల గది, తలుపు మూస్తే ఫోన్‌కు ఒక్క గీత సిగ్నల్ ఉండదు. నా పెట్టెను అందులో పెట్టి, రేడియోల్ని గుయ్యిమనిపించే రొద దాంట్లోంచి ఎంత బయటికొస్తోందో యాంటెన్నాతో చూశారు. ఫెయిల్.

ఇంజనీరు మూత తీసి చూసి నవ్వాడు. తుప్పు పట్టకూడదని పెట్టెకూ మూతకూ అంచులదాకా రెండేసి పూతలు రంగు వేయించింది నేనే. మధ్యలో రంగుంటే ఇనుముకు ఇనుము తగలదు, ఆ సందులోంచే రొదంతా బయటపడుతుంది. నా అతి తెలివికి నన్ను నేనే తిట్టుకున్నాను.

ఇంటికొచ్చి అన్ని పెట్టెలకూ అంచుల రంగు గీకాను. చుట్టూ తీగల అల్లిక పట్టీ వేసి, మూతకు మరలు పెంచాను. మళ్లీ ల్యాబ్‌కు తీసుకెళితే ఈసారి పాసైంది.

తిరిగొచ్చిన సాయంత్రం పెట్టెలకు కరెంటిచ్చి, టీ నీళ్లు పెట్టాను. గోడ అవతల వార్తలు స్పష్టంగా వినిపించాయి. పిన్ని రాలేదు. మర్నాడూ రాలేదు. పాసైన సంతోషం ఎవరితో చెప్పుకోవాలో తెలియలేదు. నాలుగో రోజు, సిగ్గు విడిచి చెబుతున్నా, మూత మరలు వదులు చేద్దామా అనిపించింది.

వారానికి ఉండబట్టలేక నేనే వెళ్లాను.

"పిన్నీ, రేడియోలో రొదేమన్నా వస్తందా?"

"రావట్లేదులే." రేడియో కట్టేసింది. "నా పోరు పడలేకేగా అంత కష్టపడి బాగుచేశావు."

"కాదు పిన్నీ, డీలర్ అడిగాడని," అన్నాను. వాళ్ల గడప మీదే కూలబడ్డాను.

ఆవిడ లోపలున్న స్టూలు ముందుకు జరిపింది.

"గడప మీద కూచోమాకురా," అంది. "లోపలికి రా."